మా పెద్దాయన మరిచిపోయిన పాస్‌వర్డ్

ఈ రోజుల్లో పాస్‌వర్డ్ మరిచిపోవడం ఒక విషయమే కాదు. తెర మీద ఒక చోట నొక్కితే ఫోనుకు అంకెలు వస్తాయి, అవి కొడితే పని అయిపోతుంది. మా అమ్మాయి ఎప్పుడూ ఏదో ఒకటి మరిచిపోతూనే ఉంటుంది, కాఫీ తాగుతూ తాగుతూనే కొత్తది పెట్టేసుకుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. తొంభైల మధ్యలో ఇదే బెంగళూరులో, ఒక పాస్‌వర్డ్ గుర్తు రాకపోయినందుకు ఒక మంచి మనిషి పరువూ ఉద్యోగమూ రెండూ పోబోయాయి. ఆయన పక్క సీట్లో పనిచేసిన దాన్ని నేను. కంప్యూటర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలనిపించింది. పేర్లు మాత్రం రాయను. కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్ళకు పిల్లలున్నారు.

మాది రకరకాల ఆఫీసుల లెక్కల పని చేసిపెట్టే కంప్యూటర్ కేంద్రం. హాలు నిండా పరుచుకుని మెయిన్‌ఫ్రేమ్ అనే ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. దానికి చలి కావాలి. అందుకని మేము బయట ఎండ మండిపోతున్నా లోపల స్వెటర్లు వేసుకుని తిరిగేవాళ్ళం. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వెళ్ళాలి. మా అత్తగారు ఒకసారి చూడటానికి వచ్చి, లోపల దేవుడున్నాడేమో అన్నట్టు దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళింది. మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి ఆ కేంద్రంలో సిస్టమ్స్ విభాగంలో చేరాను. అంటే ఆ యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు చూడటం నా పని.

యంత్రంలోని ఏ ఫైలు ఎవరు తెరవచ్చు, ఎవరు తెరవకూడదు అని నిర్ణయించే అధికారం మాత్రం ఒకే ఒక్కరి చేతిలో ఉండేది. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఇల్లు యలహంక పాత ఊళ్ళో. వాళ్ళ పూర్వీకులు అటు అనంతపురం వైపు నుంచి దొడ్డబళ్ళాపురం వచ్చి మగ్గాలు పెట్టుకున్న తెలుగు వాళ్ళు. కాబట్టి ఇంట్లో మాట తెలుగే, కానీ కోపం వస్తే కన్నడం. అట్ట కార్డులకు చిల్లులు కొట్టి కంప్యూటర్‌కు పని చెప్పే కాలం నుంచి ఉన్న మనిషి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు పక్కన ఎవరున్నా సరే, "మొహం ఆ పక్కకి తిప్పండప్పా" అనేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి చేత కూడా తిప్పించారు. ఆ అధికారి గోడకేసి చూస్తూ నిలబడటం మా కేంద్రంలో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్న కథ.

ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్తుంటే హెబ్బాళ దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. తప్పించబోయి స్కూటర్ మీద నుంచి పడ్డారు. తలకు దెబ్బ. కొన్ని రోజులు స్పృహ వస్తూ పోతూ ఉంది. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టి, మా అబ్బాయి చదువు గురించి అడిగారు. హమ్మయ్య, మనిషి దక్కాడు అనుకున్నాం అందరం. చాలా రోజుల విశ్రాంతి తరవాత, ఇక పనికి వెళ్ళొచ్చని డాక్టర్లు చెప్పారు.

ఆయన తిరిగి వచ్చిన రోజు కేంద్రమంతా ఆయన చుట్టూ చేరింది. కాఫీలయ్యాయి. ఆయన తన సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం మమ్మల్ని మొహాలు తిప్పుకోమని, పాస్‌వర్డ్ కొట్టారు. యంత్రం కాదంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ కాదంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మామూలు ఉద్యోగి పాస్‌వర్డ్ పదే పదే తప్పు కొడితే యంత్రం అతని ఐడీని మూసేస్తుంది. అంతటి అధికారం ఉన్న ఐడీ అయితే మాత్రం తనంతట తాను మూయదు. లోపలి హాల్లో కూర్చున్న ఆపరేటర్‌ని అడుగుతుంది, ఇంకో అవకాశం ఇమ్మంటావా వద్దా అని. మా ఆపరేటర్ ఆ ప్రశ్న చూసి కంగారుగా బయటికి వచ్చాడు.

"సార్, కొట్టేది మీరేనా?"

"నేనేనప్పా. ఇంగొక ఛాన్స్ ఇయ్యి."

ఇచ్చాడు. తప్పు పడింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ తప్పే. పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. తరవాత ఆపరేటర్ వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు.

"ఇంగ చాలప్పా. వద్దు అని కొట్టు."

"సార్, ఐడీ మూసుకుపోతుంది!"

"వేరే ఎవురన్నా ఇట్ల తప్పులు కొడ్తాంటే నువ్వేం చేస్తావు? మూస్తావు కదా? నాకూ అంతే. పో."

ఆపరేటర్ వెళ్ళి వద్దు అని కొట్టాడు. ఆ యంత్రంలో ఉన్న ఏకైక అధికారి ఐడీ అలా ఆయన నోటి మాట మీదనే మూతపడింది.

తరవాత నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొహంలో రంగు లేదు.

"పడిపోయేదాని ముందర ఎప్పుడో మార్చినట్లుండా మా. దాని ముందుది బాగా జ్ఞాపకముండాది. కొత్తదే రాలే. కొత్తదొకటే కాదు..." అని గొంతు తగ్గించారు. "నా తలలో ఆ దినాలే లేవు. కొన్ని వారాలు. ఏం తిన్న్యానో, ఎవురితో మాట్లాడినానో, ఏమీ లేదు. ఇంట్లో కూడా చెప్పలే. తిరిగి వస్తాయిలే అనుకుంటాండా."



అంతకంటే చెడ్డ సమయంలో అది జరగడానికి వీల్లేదు. ఒక పరీక్షల బోర్డు పని మా దగ్గర నడుస్తోంది. మార్కులన్నీ యంత్రంలోకి ఎక్కేశాయి. కానీ ఎవరూ ముట్టుకోకుండా ఆ ఫైళ్ళకు తాళం వేసి ఉంచుతారు. ఫలితాలు తయారుచేసే వారంలో మాత్రమే అధికారి, అంటే మా పెద్దాయన, ఆ తాళం తీస్తారు. ఆ వారం దగ్గరికొచ్చేసింది. ఫలితాలు ఎప్పుడొస్తాయో పత్రికల్లో పడింది. కర్ణాటక నలుమూలలా పిల్లలు ఎదురుచూస్తున్నారు. మార్కులు మా గోడల మధ్యే ఉన్నాయి, చూసే దారి లేదు.

యంత్రం అమ్మిన కంపెనీ నుంచి ఒక ఇంజనీర్ వచ్చి తల అడ్డంగా ఊపాడు. భద్రత వ్యవస్థ మొత్తాన్ని తీసేసి మొదటి నుంచి కట్టుకోమన్నాడు. అంటే ప్రతి ఉద్యోగినీ, ప్రతి ఫైలునూ మళ్ళీ ఒక్కొక్కటిగా ఎక్కించాలి. అప్పటికి ఫలితాల తేదీ ఎప్పుడో దాటిపోతుంది.

ఈలోగా మా మేనేజర్‌కు అనుమానం పట్టుకుంది. ఆయన చెడ్డవాడని అనను. పైనుంచి గంటగంటకూ ఫోన్లు వస్తుంటే ఎవరి మీదనైనా కోపం చూపించాలి కదా. మాతో కన్నడంలో మాట్లాడేవాడు, నేను తెలుగులో రాస్తున్నాను. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఎప్పటెప్పటి జీతాల ప్రోగ్రాంలో ఏ లైను తప్పో ఇప్పటికీ చెప్తాడు మీ పెద్దాయన. మొన్న మార్చిన పాస్‌వర్డ్ గుర్తులేదంటే నేను నమ్మాలా?"

"తలకు దెబ్బ తగిలింది సార్."

"ఆయనకు రావలసిన ప్రమోషన్ ఈ ఏడాది వేరే ఆయనకు వెళ్ళింది. అదీ తగిలింది. పైగా ఐడీ మూసేయమని ఆపరేటర్‌కు చెప్పింది ఎవరు? ఆయనే. ఇంకో అవకాశం దొరికితే ఎవరైనా వద్దంటారా?"

తప్పులు కొడితే ఎవరి ఐడీనైనా మూసేయాలన్న రూలు గురించి చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. మర్నాటికల్లా విచారణ మొదలైంది. అది తేలేదాకా పెద్దాయన ఇంట్లోనే ఉండాలని, కేంద్రంలోకి అడుగు పెట్టకూడదని ఆర్డరు వచ్చింది. ఆయన కాగితం చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.  క్యాంటీన్‌లో రెండు జట్లయ్యాయి. నటిస్తున్నాడని ఒక జట్టు, పాపమని ఇంకో జట్టు. పాపమనేవాళ్ళలో కూడా ఆయన్ని నమ్మినవాళ్ళు తక్కువే.

నాకు రోషం వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదని నిరూపించాలంటే వాదిస్తే లాభం లేదు, ఆ యంత్రం తెరుచుకోవాలి. తెరిచి తీరాలి అనుకున్నాను.

ఆలోచిస్తుంటే ఆయన మాట ఒకటి తోచింది. పాతది బాగా జ్ఞాపకముంది అన్నారు. ఎవరి పాస్‌వర్డ్ ఏమిటో, ఎవరికి ఏ అధికారముందో రాసుకునే ఫైలుకు మేము ఎప్పటికప్పుడు నకలు తీసి, టేపు మీదకు ఎక్కించి వేరే భవనంలో దాచేవాళ్ళం. మంటలంటుకుంటేనో, యంత్రం పాడైతేనో పనికొస్తుందని. ఆయన పాస్‌వర్డ్ మార్చకముందు తీసిన టేపు దొరికితే? యంత్రాన్ని ఆ పాత నకలుతో మొదలుపెడితే అది పాత పాస్‌వర్డ్‌నే అడుగుతుంది. మధ్య వారాల్లో కొత్తగా చేరిన వాళ్ళను మళ్ళీ చేర్చుకోవాలి, అంతే. మార్కుల ఫైళ్ళు వేరు, వాటికి ఏమీ కాదు.

టేపు దొరికింది. ఇక కావలసింది ఆ పాత పాస్‌వర్డ్. సెలవు పెట్టి యలహంక బస్సెక్కాను.

తలుపు తీసింది వాళ్ళావిడ. నన్ను చూడగానే ఆమె మొహం ముడుచుకుంది.

"మళ్ళా అదే అడగనీకి వచ్చినావా? రాత్రీ పగలూ నిద్దర లేదు ఆయనకి. ఒక్కో మాటా తనలో తాను చెప్పుకుంటాండాడు. ఇదేమో, అదేమో అని. తల పట్టుకుని కూచుంటాడు. బలవంతంగా గుర్తు చేసుకోవద్దని డాక్టరు చెప్పినాడు. బేజారైపోయింది నాకు."

"కొత్తది అడగనక్కా. దాని జోలికే పోను."

పెద్దాయన లోపలి గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది. నేను టేపు సంగతి చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆయన వీపు నిటారుగా అయింది. మా కేంద్రంలోని పెద్దాయన మళ్ళీ కనిపించారు.

"మంచి ఉపాయం మా. పాతది అంగైలో, ఇదో ఈ అరచేతిలో ఉన్నట్లుండాది నాకు."

"అయితే చెప్పండి సార్. రేపే మొదలుపెడతా."

ఆయన నా వంక వింతగా చూశారు. "చెప్పేదేంది? పాస్‌వర్డ్ ఎవురికన్నా చెప్తారా?"

"సార్, మిమ్మల్ని గేటు లోపలికి రానివ్వరు. నాకు చెప్తే నేను కొడతా. ఎట్లాగూ పాతది కదా!"

"పాతదైతే? ఆ టేపు ఎక్కించినాక అదే కదా బీగం చెవి? ఇన్ని ఏండ్లల్లో నా పెండ్లానికి చెప్పలే. ఉద్యోగం పోతాదని భయపడి చెప్తే, అప్పుడు నిజంగానే నా మీద తప్పు ఉన్నట్లే."

వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. "చెప్పేస్తే పోలేదా ఏంది? ఆ పాపకి కాకుంటే ఎవురికి చెప్తావు?" అంది.

"నువ్వు సుమ్మనుండు. నన్ను తోడుకొని పో మా. నేనే వచ్చి కొడతా. లేదంటే వద్దు."

ఒప్పుకుంటాను, ఆ క్షణంలో ఆయన మీద చిరాకు వచ్చింది. తిరుగు బస్సులో కూర్చున్నాక మాత్రం ఆయన అన్నదే సరైన దారి అని తట్టింది. నేను కొడితే యంత్రం తెరుచుకుంటుంది, ఆయన మీద మాట అలాగే ఉండిపోతుంది. ఇన్నాళ్ళూ దాచి, భయపడి చివరికి బయటపెట్టాడంటారు. అందరి ముందూ ఆయన చేత్తో ఆయనే తెరవాలి.

మర్నాడు మేనేజర్ గదిలోకి నేనే వెళ్ళి, నేనే తలుపు వేశాను.

"ఆయన్ని లోపలికా? విచారణలో ఉన్న మనిషిని? ఫోన్ చేసి కనుక్కో, నువ్వే కొట్టు" అన్నాడు.

"సార్, ఇవి పరీక్ష మార్కులు. రేపు ఎవరైనా మార్కులు మార్చారని కోర్టుకు వెళ్తే, తాళం ఎవరు తీశారని అడుగుతారు. అధికారి ఇంట్లో కూర్చుని ఉంటే, ఆయన పేరుతో వేరే మనిషి తీసిందని చెప్పాల్సి వస్తుంది. అది నేను, తీయమన్నది మీరు. ఇద్దరం బోనులో పక్కపక్కన నిలబడదామా?"

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"పాత పాస్‌వర్డ్ కూడా కాకపోతే?"

"అప్పుడు మీరన్న మాటే నిజమని అందరి ముందూ నేనే అంటాను."

చాలా పెద్ద మాట అది.  ఆయన బాగా ఆలోచించి, ఆదివారం అన్నాడు. ఆదివారం పగలు వేరే పనులేవీ నడవవు. తానూ దగ్గరే ఉంటానన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే నేను ఆటో తీసుకుని యలహంక వెళ్ళాను. పెద్దాయన నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అప్పటికే వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళావిడ పెరుగన్నం డబ్బా నా చేతికిచ్చి, "తలనొప్పి అంటే పిలుచుకొని వచ్చెయ్. అది తెరుసుకున్నా సరే, తెరుసుకోకున్నా సరే" అంది.

కేంద్రంలో మేనేజర్, ఆపరేటర్, మేమిద్దరం. పాత నకలు ఎక్కించి యంత్రాన్ని మొదలుపెట్టాం. పెద్దాయన కుర్చీలో కూర్చుని స్వెటర్ చేతులు పైకి లాక్కున్నారు.

"మొహాలు ఆ పక్కకి తిప్పండప్పా."

మేనేజర్‌తో సహా అందరం తిప్పుకున్నాం. మీటల చప్పుడు వినిపించింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు.  నేను ఇక ఉండబట్టలేక తిరిగి చూశాను.

యంత్రం రానివ్వలేదు. ఐడీ మూసివేయబడింది అని చూపిస్తోంది.

"అయిపోయిందిగా" అన్నాడు మేనేజర్. గొంతులో కోపం కూడా లేదు, నీరసం తప్ప. ఆపరేటర్ నేల చూపులు చూశాడు. పెద్దాయన తెర మీది అక్షరాలనే చూస్తూ, "నేను కొట్టింది సరే మా. అదే. అది తప్పు కాదు" అన్నారు. 

నేను వంగి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. నిజమే. పాస్‌వర్డ్ తప్పు అని లేదు. ఐడీ మూసివేయబడింది అని ఉంది. తప్పు కొడితే వచ్చే మాట వేరు, ఇది వేరు. ఎందుకు మూసింది? బుర్ర చకచకా తిరిగింది. చాలాకాలం ఎవరూ వాడని ఐడీని యంత్రం మూసేయాలని మా దగ్గర నియమం ఉంది. టేపు మీదున్న నకలులో ఆయన చివరిసారి లోపలికి వచ్చింది ఎప్పుడో. యంత్రం ఈనాటి తేదీ చూసుకుంది. ఈయన ఇన్నాళ్ళుగా రాలేదు కదా అని తలుపు మూసేసింది.

"సార్, పాస్‌వర్డ్ సరైనదే! ఇది తేదీ గొడవ" అన్నాను. దాదాపు అరిచాను.

"ఏం తేదీ?" అన్నాడు మేనేజర్.

"యంత్రం మొదలయ్యేటప్పుడు ఈరోజు తేదీ ఏమిటని ఆపరేటర్‌ని అడుగుతుంది. మనం ఏది చెబితే అదే నమ్ముతుంది. టేపు తీసిన మర్నాటి తేదీ చెబుదాం. అప్పుడు ఈయన నిన్ననే వచ్చిన మనిషి అవుతాడు."

"తేదీ వెనక్కి తిప్పుతావా? మిగతా లెక్కలన్నీ?"

"ఈ పూట మరే పనీ నడవదు. లోపలికి వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ సరైన తేదీతో మొదలుపెడతాం."

మేనేజర్ పెద్దాయన వంక చూశాడు. వాళ్ళిద్దరూ ఎన్ని రోజుల తరవాతో సూటిగా మొహాలు చూసుకోవడం అదే. పెద్దాయన అన్నారు, "ఆ పాప చెప్పేది కరెక్టప్పా. నాకు తట్టింటే నేనూ అదే చెప్పింటి."

"కానివ్వండి" అన్నాడు మేనేజర్.

మూతపడిన నకలు ఇక పనికిరాదు. టేపు నుంచి మళ్ళీ ఎక్కించాలి. అది తిరుగుతున్నంతసేపూ మేము బయట గదిలో కూర్చున్నాం. పెద్దాయన డబ్బా తెరిచి పెరుగన్నం మూతలో కొంచెం పెట్టి మేనేజర్ ముందుకు తోశారు. ఆయన ముందు వద్దన్నాడు, తరవాత తిన్నాడు.  ఇది కూడా పోతే నేనన్న మాట నేను నిలబెట్టుకోవాలి. ఆపరేటర్ అద్దం తలుపు తీసి, రెడీ అన్నాడు.

తేదీ అడిగినప్పుడు ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను చెప్పాను, అతను కొట్టాడు. యంత్రం నోరెత్తకుండా నమ్మింది. పెద్దాయన మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ అందరం గోడకేసి తిరిగాం. మళ్ళీ ఆ మీటల చప్పుడు.

"తిరగండి" అన్నారు.

తెర నిండా ఆయనకు మాత్రమే కనిపించే ఆ పాత మెనూ పరుచుకుని ఉంది. ఆపరేటర్ చప్పట్లు కొట్టి, మేనేజర్‌ని చూసి ఆపేశాడు. మేనేజర్ మాత్రం పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో అనబోయి, మాట మార్చి, "ముందు ఆ మార్కుల సంగతి చూడండి" అన్నాడు.

పెద్దాయన ముందు చూసింది మార్కుల సంగతి కాదు. నా ఐడీ పేరు అడిగి, ఒక ఆజ్ఞ కొట్టారు. తనకున్న అధికారమంతా నాకూ ఇచ్చేశారు. తరవాత, చాలాకాలం వాడని ఐడీలను మూసే ఆ నియమం పాత తేదీలున్న మా ఎవరికీ వర్తించకుండా ఆపారు, తన ఐడీకి తప్ప.

"మళ్ళా మామూలు తేదీతో లేపినప్పుడు నాది మూసుకుంటాది. మూసుకోనీ. తెరవద్దు. నువ్వు నీదాంతో పోయి బీగం తియ్యి."

"అదేం మాట సార్? మీది నేను తెరుస్తా కదా?"

"వద్దు మా. తల బాగయ్యిందని నాకు నమ్మకం కలిగినాక అడుగుతా. అంతవరకూ వద్దు. ఇది నీకు చెప్తాండేది కాదు, ఆర్డరు."

ఆయన ఎన్నడూ అడగలేదు. తరవాత కొత్త వాళ్ళకు పాఠాలు చెప్పే విభాగానికి మారి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఫలితాలు పత్రికల్లో చెప్పిన రోజునే వచ్చాయి. వాటి వెనక ఇంత జరిగిందని బయట ఒక్కరికీ తెలియదు. విచారణ ఏ గొడవా లేకుండా ముగిసింది. అనుమానపడ్డవాళ్ళలో ఎవరూ వచ్చి పొరబడ్డామని ఆయనతో అన్నట్టు నేను వినలేదు. క్యాంటీన్‌లో మాత్రం ఆయన వస్తే లేచి కుర్చీలు ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. పిల్లలూ, ఆఫీసుల్లో క్షమాపణ అంటే చాలాసార్లు అదే. దాన్ని గుర్తుపట్టడం మీరు కూడా నేర్చుకుంటారు.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ ఆదివారం సాయంత్రం గురించి. మేనేజర్ ఆఫీసు కారు ఇచ్చాడు, పెద్దాయన్ని ఇంట్లో దింపి రమ్మని. వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. కారు మేక్రీ సర్కిల్ దాటింది. ఉన్నట్టుండి అడిగారు.

"ఆ దినాల్లో నేను ఎట్లుంటి మా?"

"ఏ దినాల్లో సార్?"

"నాకు లేని దినాల్లో. నువ్వు పక్కనే కదా కూచుంటివి? నాకు తెలీదు, నీకు తెలుసు. చెప్పు."

నేను మొదలుపెట్టాను. పెద్దమ్మాయికి ఉద్యోగం వచ్చిందని చిక్కపేట నుంచి ఒక బుట్టెడు మైసూర్‌పాక్ తెచ్చి కేంద్రమంతా పంచారని చెప్పాను. ప్రింటర్ కాగితం నలిగి ఆగిపోతే చొక్కా చేతులు మడిచి తానే బాగుచేసి, మసి మొహంతో మీటింగుకు వెళ్ళారని చెప్పాను. ఆయన పిల్లాడిలా విన్నారు. అక్కడక్కడా "అవునా?" అన్నారు. అమ్మాయి ఉద్యోగం సంగతి ఇంట్లో వాళ్ళు చెప్పగా తెలుసు. మైసూర్‌పాక్ సంగతి తెలియదు.

"అన్నీ మంచివే చెప్తాండావు. నేనేమన్నా దేవుణ్ణా? ఇంగేమీ లేదా?"

ఉంది. ఇంతవరకు మీకూ చెప్పలేదు, విచారణలో కూడా చెప్పలేదు. ఆయన పడిపోవడానికి కాస్త ముందు నేను ఆయన దగ్గరికి వెళ్ళి, అధికారం ఉన్న ఐడీ ఇంకొకరికి కూడా ఉండాలి సార్, ఎప్పుడైనా అవసరం పడుతుంది అని అడిగాను. ఆయన మండిపడ్డారు. ఆ మాట మేనేజర్ చెవిన పడితే, అధికారమంతా కావాలనే తన గుప్పిట్లో పెట్టుకున్నాడనేవాళ్ళు. అదృష్టం కొద్దీ ఆ పూట గదిలో మేమిద్దరమే ఉన్నాం.

కారులో ఆయన అడుగుతున్నారు. అబద్ధం ఆడితే ఆ రోజుల స్థానంలో నేను అబద్ధం పెట్టినదాన్నవుతాను. చెప్పేశాను.

"నేనేమన్న్యా?"

"'నేను చచ్చినాక నీకే వస్తాదిలే, అంత ఆత్రమేల' అన్నారు సార్."

కారు హెబ్బాళ దాటుతోంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. 

"ఏడిస్తివా?"

"బాత్‌రూంలో కొంచెం."

"చేసింది జ్ఞాపకం లేనోడు తప్పెట్ల ఒప్పుకోవల్ల మా?" అని, తనే మళ్ళీ, "జ్ఞాపకముంటే ఏమి, లేకుంటే ఏమి. అన్నది నా నోరే. మన్నించు తల్లీ" అన్నారు.

 తల ఊపాను. ఆయన మళ్ళీ సీటుకు ఆనుకుని కూర్చున్నారు.

"ఊ. ఆ తర్వాత దినం ఏమయ్యింది? ఆ పొద్దు నీతో మాట్లాడితినా?"

మాట్లాడారు. మర్నాడు ఏమీ జరగనట్టే కాఫీ తెప్పించారు. అది చెప్పాను. ఆ మర్నాటి సంగతి చెప్పాను. యలహంక వచ్చేసింది. కారు ఇంటి ముందు ఆగింది. వాళ్ళావిడ పరుగున గుమ్మంలోకి వచ్చింది. ఆయన మొహం చూసి, అంతా మంచే జరిగిందని అర్థమై, దిగమన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన దిగలేదు. డ్రైవర్‌తో, "ఇంజన్ ఆపప్పా, స్వల్ప లేటవుతాది" అని, నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు మా."

నేను చెబుతూ పోయాను.